నేటివ్ యాపా, క్రాస్ ప్లాట్‌ఫామా? ఎంపిక ఎలా?

ఒకే యాప్ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఐఫోన్‌లోనూ నడవాలి. కోడ్ రెండుసార్లు రాయాలా, ఒక్కసారి రాసి రెండుచోట్లా వాడుకోవాలా? సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పరీక్షలోనైనా, క్యాంపస్ ఇంటర్వ్యూలోనైనా ఈ ప్రశ్న అడిగితే లాభనష్టాల జాబితా ఒక్కటే సరిపోదు. కారణం కూడా చెప్పాలి.

నేటివ్ విధానం

ఆపరేటింగ్ సిస్టమ్ సంస్థ ఇచ్చే భాషలు, టూల్స్‌తోనే యాప్ రాయడం నేటివ్ విధానం.
- ఆండ్రాయిడ్: జావా, కోట్లిన్. కోట్లిన్‌కు గూగుల్ అధికారిక మద్దతు ప్రకటించింది 2017లో.
- ఐఓఎస్: ఆబ్జెక్టివ్-సి, స్విఫ్ట్. స్విఫ్ట్‌ను యాపిల్ 2014లో తెచ్చింది.

లాభం: కెమెరా, బ్లూటూత్, సెన్సర్లు నేరుగా అందుతాయి. ఓఎస్‌లో వచ్చే కొత్త సౌకర్యాలను వెంటనే వాడుకోవచ్చు.
నష్టం: ఒకే ఫీచర్‌ను రెండుసార్లు రాయాలి, రెండుసార్లు పరీక్షించాలి.

క్రాస్ ప్లాట్‌ఫామ్ విధానం

ఒక్కసారి రాసిన కోడ్‌నే రెండు ఫోన్లలోనూ వాడుకునే విధానం ఇది. ఇందులో అన్ని ఫ్రేమ్‌వర్క్‌లూ ఒకే తీరుగా పనిచేయవు. తేడా తెరను ఎవరు గీస్తారన్న దగ్గరే.

రియాక్ట్ నేటివ్: 2015లో ఫేస్‌బుక్ విడుదల చేసింది. జావాస్క్రిప్ట్‌లో రాసినా, తెర మీద కనిపించే బటన్ ఆ ఫోన్ సొంత బటనే. పాత నిర్మాణంలో జావాస్క్రిప్ట్‌కూ ఫోన్ నేటివ్ భాగానికీ మధ్య సమాచారం ‘బ్రిడ్జ్’ మీదుగా నడిచేది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది సుమారు 16.7 మిల్లీసెకన్లే. బ్రిడ్జ్ మీద రద్దీ పెరిగితే స్క్రోలింగ్ తడబడేది. ఆ బ్రిడ్జ్ అవసరం లేని కొత్త నిర్మాణం 2024లో 0.76 వెర్షన్‌తో డిఫాల్ట్ అయింది.

ఫ్లట్టర్: గూగుల్‌ది, భాష డార్ట్. 1.0 వెర్షన్ 2018 డిసెంబరులో వచ్చింది. ఫోన్ బటన్లను వాడదు, తెరను తానే గీస్తుంది. అందుకే రెండు ఫోన్లలోనూ యాప్ ఒకేలా ఉంటుంది. అయితే ఐఓఎస్ తన బటన్ల రూపం మార్చినా ఫ్లట్టర్ యాప్‌లో బటన్లు వాటంతటవే మారవు.

ఉదాహరణ: ఎయిర్‌బీఎన్‌బీ

2016లో రియాక్ట్ నేటివ్‌ను చేపట్టిన ఈ సంస్థ, దాన్ని విరమిస్తున్నట్టు 2018లో ప్రకటించింది. అప్పటికే పెద్ద నేటివ్ యాప్‌లు ఉండటంతో పని రెండు ప్లాట్‌ఫామ్‌ల నుంచి ఒకదానికి తగ్గలేదు, మూడుకు పెరిగింది. కొత్త యాప్‌కు కలిసొచ్చే పద్ధతే పాత యాప్‌లో ముక్కలుగా చేరిస్తే భారం కావచ్చు.

ఎంపికకు కొలమానాలు

- ఫారాలు, జాబితాలు, చెల్లింపులే ప్రధానమైతే: క్రాస్ ప్లాట్‌ఫామ్.
- వీడియో ఎడిటింగ్, ఆగ్మెంటెడ్ రియాలిటీ, ఎడతెగని బ్లూటూత్ పని ఉంటే: నేటివ్.
- తెరలు వేరుగా ఉండి లెక్కలు, డేటా నియమాలు మాత్రం ఉమ్మడిగా ఉంటే చాలనుకుంటే: 2023 నవంబరులో స్టేబుల్ అయిన కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్.
- టూల్ ఆయుష్షు: మరో క్రాస్ ప్లాట్‌ఫామ్ టూల్ అయిన జామరిన్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2024 మే 1తో ముగిసింది. దానితో రాసిన యాప్‌లను వేరే ఫ్రేమ్‌వర్క్‌కు మార్చుకునే పని వాటి యజమానులదే.

మాదిరి ప్రశ్న

ఓఎస్ సొంత బటన్లపై ఆధారపడకుండా తెరను తానే గీసే ఫ్రేమ్‌వర్క్ ఏది?
ఎ) రియాక్ట్ నేటివ్ బి) జామరిన్ ఫామ్స్ సి) ఫ్లట్టర్
జవాబు: సి. మిగతా రెండూ ఫోన్ సొంత బటన్లనే వాడతాయి.