ఆటగాండ్ర అన్వేషణము, అభిమానుల ధర్మము

తెలిసిన సంగతినుండి తెలియని సంగతికి పోవలెనని బోధనాశాస్త్రము చెప్పును. కావున మన గండికోట సీమలో చిన్నబిడ్డలకు సైతము తెలిసిన బండలాగుడు పందెమునుండి ఈ పాఠమును ఆరంభించుచున్నాము.

తిరునాళ్ళయందు ఎడ్లజత బండను లాగుచుండగా, చుట్టు మూగిన జనులు లాగుడు నొక్కదానినే చూచి ఊరకుండరు. ఈ యెద్దు ఏ యూరిది, ఎవరు ఎంతకు కొనిరి, దానికి జతయైనదానిని ఎచ్చటనుండి తెచ్చిరి, పాలపండ్ల విభాగమున గెలిచినది ఆరుపండ్ల విభాగమునకు వచ్చుసరికి నిలుచునా లేదా అని తర్కించుకొనుచుందురు. పందెము ఒక్క పూటలో ముగియును. ఆ తర్కము మాత్రము మరుసటి తిరునాళ్ళ వరకు సాగును.

అమెరికా దేశమున కళాశాలల బుట్టబంతి జట్లను ప్రేమించు జనులు చేయు పనియు ఇట్టిదే. రాబోవు సంవత్సరము తమ జట్టున ఎవరు చేరుదురా యని వారు ఏడాది పొడవునను కనిపెట్టుచుందురు. భేదమేమనగా, వారు తర్కించునది ఎడ్లనుగూర్చి కాదు. పదునారు పదునేడేండ్ల బాలురనుగూర్చి. ఈ భేదమే మన పాఠమునకు కీలకము.

1. ఆట పుట్టిన విధము

బాస్కెట్ బాల్ అనెడి బుట్టబంతి యాట 1891వ సంవత్సరము డిసెంబరు మాసమున, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలయందు పుట్టినది. చలికాలమున వెలుపల ఆడుటకు వీలులేక విసిగియున్న శిష్యులకొరకు జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు రెండు పండ్లగంపలను ఎత్తున బిగించి, పదమూడు నియమములు వ్రాసి, ఆటను నడిపెను. ఆనాడు ఆటగాండ్రను వెదకవలసిన పని లేకపోయెను. తరగతిలోనున్న పదునెనిమిదిమందియే ఆటగాండ్రు. ఒక్కొక్క వైపున తొమ్మండుగురు నిలిచిరి.

1898లో నెయిస్మిత్ కాన్సాసు విశ్వవిద్యాలయమునకు పోయి, అచ్చటి జట్టునకు తొలి శిక్షకుడాయెను. ఆయన చేతిక్రింద ఆ జట్టు 55 ఆటలు గెలిచి 60 ఆటలు ఓడినది. ఆటను కనిపెట్టినవాని లెక్కలోనే గెలుపులకన్న ఓటములు ఎక్కువ! అయినను ఆయనను తక్కువవాడని ఎవరును ఎంచలేదు.

మన దేశమునకు ఈ యాట వై.ఎం.సి.ఎ. వారి మూలముననే విస్తరించినది. స్ప్రింగ్‌ఫీల్డున చదివిన హారీ క్రో బక్ దొర 1920లో మద్రాసున వ్యాయామ కళాశాలను స్థాపించెను. అచ్చట తరిబీతు పొందిన వ్యాయామోపాధ్యాయులు దక్షిణదేశపు పాఠశాలలకు పోయి, ఇట్టి ఆటలను బిడ్డలకు నేర్పిరి.

2. వెదకుట ఎట్లు జరుగును

నేర్పరులను దూరదేశమునుండి రప్పించుకొనుట క్రొత్త సంగతి కాదు. 1650 ప్రాంతమున మన గండికోటను పట్టుకొనిన గోలకొండ సేనాని మీర్ జుమ్లా, ఐరోపావారైన ఫిరంగి పనివాండ్రను తన కొలువున నిలుపుకొనెను. 1652లో తవెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు గండికోటయందే ఆయనను దర్శించెను. పిమ్మట నాలుగేండ్లు తిరుగకమునుపే మీర్ జుమ్లాయే గోలకొండను విడిచి, మొగలు పాదుషా కొలువున చేరెను. పనికి జీతము, జీతమునకు పని. కొలువు ధర్మము అంతటితో సరి.

కళాశాల ధర్మము అట్టిది కాదు. “నీవు మా జట్టున ఆడుము, మేము నీకు చదువు చెప్పెదము” అని కళాశాల బాలునితో ఒడంబడును. అందుచేత శిక్షకులు ఉన్నత పాఠశాలల ఆటలను, వేసవి పోటీలను తిరిగి చూచెదరు. నచ్చిన బాలుని యింటికి పోయి తల్లిదండ్రులతో మాటలాడెదరు. కళాశాలకు రప్పించి వసతులు, తరగతులు, ఆటశాల చూపించెదరు. ఎప్పుడు మాటలాడవచ్చును, ఎప్పుడు కూడదు అనుటకు 1906లో ఏర్పడిన జాతీయ కళాశాలల క్రీడాసంఘమువారి నియమములు గలవు. కుదిరినయెడల చదువునకు, భోజనమునకు, వసతికి విద్యార్థివేతనము నిచ్చెదరు. 1972లో స్త్రీపురుష భేదము లేకుండ విద్యావకాశములు కల్పించు చట్టము వచ్చిన పిమ్మట, బాలికలకును ఇట్టి వేతనములు క్రమముగా లభించుచున్నవి.

ఆటవచ్చినంత మాత్రమున చాలదు. పై శ్రేణి కళాశాలల జట్టున ఆడగోరువాడు ఉన్నత పాఠశాలలో నిర్ణయింపబడిన 16 పాఠ్యభాగములను ముగించి, నాలుగింట కనీసము 2.3 సగటును తెచ్చుకొనవలెను. బంతిని ఎంత చక్కగా విసరినను, లెక్కలలోను భాషలోను తప్పినవానికి ద్వారము తెరువబడదు. మన విద్యార్థులు ఈ సంగతిని గట్టిగా జ్ఞాపకముంచుకొందురుగాక.

ఇప్పుడు కొంచెము లెక్క వేయుదము. ఆ దేశపు ఉన్నత పాఠశాలలలో బుట్టబంతి యాడు బాలురు 5 లక్షలకు మించియున్నారు. నాలుగు తరగతులలో తుది తరగతివారు సుమారు నాలుగవ వంతు, అనగా లక్షా పాతికవేలకు పైగా. పై శ్రేణి కళాశాలలు 360కి పైబడియున్నవి. 2025 నుండి అమలైన నియమమున జట్టునకు 15 మంది వంతున 5,400 స్థానములగును. ఒక్కొక్కడు నాలుగేండ్లు ఆడునని పెట్టుకొన్నను, ఏటేట ఖాళీయగునవి సుమారు 1,350. నూరుగురిలో ఒక్కనికి చోటు దొరకును. మిగిలిన తొంబదితొమ్మండుగురు ఏమి చేయవలెను? ఆటను ప్రేమించుచునే మరియొక వృత్తికి సిద్ధపడవలెను.

3. అభిమానులు చేయు పని

బాలురను చూచి తరతమములు నిర్ణయించి, జాబితాలు ప్రకటించు సంస్థలు ఆ దేశమున నున్నవి. ఒక్కొక్క బాలునికి నక్షత్రములు వేయుదురు. అందరికన్న మిన్నయైనవానికి అయిదు. కెంటకీ, ఉత్తర కరొలైనా, డ్యూకు, కాన్సాసు మొదలగు పేరుపొందిన విశ్వవిద్యాలయముల అభిమానులు ఈ జాబితాలను పంచాంగమువలె చదువుదురు. బాలుడు ఏ కళాశాలను చూడబోయెను, ఎవనితో స్నేహము చేసెను, అతని తల్లి దగ్గరి ఊరు మేలనెనా, అన్నియు వారికి కావలెను.

తుదకు నిర్ణయ దినము వచ్చును. కొందరు బాలురు బంధుమిత్రుల యెదుట బల్లపై రెండు మూడు కళాశాలల టోపీలు పెట్టుకొని, అందొకటి తీసి తలపై ధరింతురు. ఆ టోపీ రంగును చూచి ఒక ఊరి జనులు కేకలు వేసి గంతులిడుదురు. మరియొక ఊరి జనులు దిగులుపడుదురు. అంతవరకు దోషమేమియు లేదు. అయితే దిగులు కోపమై, నిన్నటివరకు పొగడిన బాలునే దూషించువారు బయలుదేరుదురు. ఎద్దునకు తన్ను ఎవరు తిట్టిరో తెలియదు. బాలునికి తెలియును.

4. జాబితా చెప్పజాలనివి

జాబితా వ్రాయువారు ఎత్తును కొలువగలరు, పరుగును లెక్కింపగలరు. ఒకడు రేపు ఏమగునో కొలుచు కొలబద్ద మాత్రము వారియొద్ద లేదు.

మైకేల్ జోర్డన్ 1978లో విల్మింగ్టను పట్టణపు లేనీ ఉన్నత పాఠశాలయందు పెద్దజట్టున చోటుదొరకక, చిన్నజట్టున ఆడెను. నాలుగేండ్లకు, అనగా 1982లో, ఉత్తర కరొలైనా విశ్వవిద్యాలయ పక్షమున తుదిపోటీలో విజయము తెచ్చిన బుట్టను వేసినవాడు అతడే. ఆ యాట 63–62తో ముగిసెను.

స్టీఫెన్ కరీ సన్నని బాలుడు. పెద్ద కళాశాల ఏదియు అతనికి విద్యార్థివేతనము నిచ్చి పిలువలేదు. 1837లో ప్రెస్బిటీరియనులు స్థాపించిన డేవిడ్‌సన్ అను చిన్న కళాశాల 2006లో అతనిని చేర్చుకొనెను. 2008లో ఆ చిన్న కళాశాల జాతీయపోటీలలో మూడు జట్లను వరుసగా గెలిచి, నెయిస్మిత్ శిక్షణనిచ్చిన కాన్సాసు చేతిలో 59–57తో, అనగా ఒక్క బుట్ట తేడాతో, ఓడినది. 2021 డిసెంబరులో కరీ, ఆ దేశపు వృత్తి ఆటగాండ్రలో అందరికన్న ఎక్కువగా దూరపు బుట్టలను వేసినవాడాయెను.

5. చూడనొల్లని కన్నులు

ఇంతవరకు చెప్పినవి తెలియక జరిగిన పొరపాట్లు. తెలిసి చేసిన అన్యాయమును గూడ చెప్పవలెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలోని పెక్కు కళాశాలలు చాలకాలము నీగ్రో జాతి బాలురవంక కన్నెత్తి చూడలేదు. ఎంతటి నేర్పరియైనను వారి జాబితాలో అతని పేరు ఎక్కదు.

మెక్సికో సరిహద్దున, మన సీమవలెనే వానలు తక్కువైన ఎల్ పాసో పట్టణమున టెక్సాస్ వెస్టర్న్ అను కళాశాల యుండెను. దాని శిక్షకుడు డాన్ హాస్కిన్సు, ఇతరులు చూడనొల్లని బాలురను న్యూయార్కు, డెట్రాయిటు మొదలగు నగరములనుండి పిలిపించెను. 1966 మార్చి 19న జాతీయ తుదిపోటీ జరిగెను. ఆటను ఆరంభించిన ఆయన అయిదుగురును నల్లవారు. ఎదుటి కెంటకీ జట్టువారందరును తెల్లవారు. టెక్సాస్ వెస్టర్న్ 72–65తో గెలిచెను. మూడేండ్లకు, 1969లో, కెంటకీవారును తమ జట్టున మొదటి నల్లజాతి ఆటగానిని చేర్చుకొనిరి.

ఈ చరిత్రను దూరదేశపు కథయని విడిచివేయరాదు. ఎవని బిడ్డ, ఏ వాడ బిడ్డ యని చూచి కన్నులు మూసికొనుట మన గ్రామములకు తెలియని రోగము కాదు. జట్టును ఎన్నుకొను ప్రతి ఉపాధ్యాయుడును, తాను ఎవరిని చూచెనో అనుటకన్న ఎవరిని చూడక విడిచెనో అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

6. ధనము ప్రవేశించినప్పుడు

కళాశాల యాటగానికి చదువు తప్ప జీతము కూడదని ఆ దేశమున చిరకాలము నియమముండెను. అయితే ఆటవలన కళాశాలలకు ధనము విస్తారముగా వచ్చుచుండెను. తలుపు మూసియున్నచోట ధనము కిటికీగుండ దూరును. 2017 సెప్టెంబరులో కొందరు శిక్షకులు, ఒక గొప్ప పాదరక్షల కంపెనీ ఉద్యోగులు లంచముల నేరముపై పట్టుబడిరి. 2021 జూలైనుండి, ఆటగాడు తన పేరును రూపమును ప్రకటనలకిచ్చి ధనము పొందవచ్చునని సంఘము అంగీకరించెను. 2025 జూన్‌లో న్యాయస్థానమువారు ఆమోదించిన ఒడంబడికచే, కళాశాలలే నేరుగా ఆటగాండ్రకు ధనమియ్యవచ్చునని ఏర్పడెను. కళాశాలనుండి కళాశాలకు మారుటయు మునుపటికన్న సులభమైనది.

శ్రమించినవానికి కూలి ముట్టుట న్యాయమే. అయితే చదువు చెప్పెదమన్న మొదటి మాట చిన్నదైపోయి, కళాశాల మీర్ జుమ్లా కొలువువలె మారునేమోయను భయము కలుగుచున్నది.

7. మన దేశమునందు

తెలుగువారికి ఈ అన్వేషణము క్రికెట్టు వేలముల వలన తెలిసియున్నది. 2017లో హైదరాబాదు ఆటో నడుపువాని కుమారుడు మహమ్మద్ సిరాజును, 20 లక్షల మొదటి వెలనుండి పెంచి, 2 కోట్ల 60 లక్షల రూపాయలకు హైదరాబాదు జట్టువారు తీసికొనిరి. ఊరంతయు సంతోషించెను. 2019లో అతని ఆట తగ్గగా, క్రికెట్టు మాని తండ్రితోపాటు ఆటో నడుపుకొమ్మని కొందరు హేళనచేసిరని అతడే బహిరంగముగా చెప్పెను. 2020 నవంబరులో అతడు ఆస్ట్రేలియాలో నుండగా తండ్రి మరణించెను. అతడు జట్టుతోనే నిలిచి, 2021 జనవరిలో బ్రిస్బేనున ఒక్క ఇన్నింగ్సులో అయిదుగురిని ఔటు చేసెను. హేళనచేసినవారే అప్పుడు చప్పట్లు కొట్టియుందురు.

మనకు మరింత సమీపమున, కడప చెంత పుట్లంపల్లిలో డాక్టర్ వై.ఎస్.ఆర్. క్రీడా పాఠశాల గలదు. అచ్చట చిన్న తరగతులలోనే బిడ్డలను ఎత్తు, బరువు, పరుగు, దుముకు మొదలగు పరీక్షలచే ఎన్నుకొందురు. ఇట్టి అవకాశము వచ్చినప్పుడు తలిదండ్రులు గర్వపడుట సహజము. గర్వముతోపాటు మూడు ప్రశ్నలు కూడ అడుగవలెను: గాయపడినయెడల బిడ్డను ఎవరు చూచుకొందురు? ఆటలో వెనుకబడినను చదువు సాగునా? బిడ్డకు నిజముగా ఆ యాట ఇష్టమేనా? ఎన్నికకాని బిడ్డను ఇంటికి తీసికొనివచ్చు తండ్రికి మరియొక మాట: అంగుళములకును క్షణములకును ఆనాడు వచ్చిన లెక్క అది, బిడ్డకు కట్టిన వెల కాదు.

8. అభిమానుల ధర్మము

అభిమానము మంచి గుణము. తనవి కాని గెలుపోటములను తనవిగా భావించుట మనుష్యుని హృదయమును విశాలము చేయును. దానిని మూడు నియమములతో కాపాడుకొనవలెనని మేము తలంచుచున్నాము.

మొదటిది: ఆటను విమర్శింపవచ్చును, ఆటగాని పుట్టుకను, కుటుంబమును, రూపమును విమర్శింపరాదు. రెండవది: మన జట్టునకు రానొల్లని బాలుడు మనకు ద్రోహము చేయలేదు, తన జీవితమునుగూర్చి తానే నిర్ణయించుకొనెను. మూడవది: రాబోవు గొప్పవానికొరకు ఎదురుచూచుచు, ఇప్పుడు మనకొరకు చెమటోడ్చువానిని మరువరాదు. ప్రతి పాఠశాల జట్టునందును బల్లమీద కూర్చుండి, బంతులు అందించి, పిలుపు రాకుండగనే సంవత్సరము గడపిన బాలుడొకడుండును. వాని పేరు మన విద్యార్థులలో ఎందరికి తెలియును?

అభ్యాసము

1. ఒక జిల్లాలో 200 పాఠశాలలు, ఒక్కొక్క పాఠశాలలో 12 మంది ఆటగాండ్రు గలరు. జిల్లా జట్టునకు 12 మంది కావలెను. ఎన్నికకానివారు నూటికి ఎందరు?

2. కొలువునకును కళాశాలకును గల భేదమును మీర్ జుమ్లా కథను దృష్టాంతముగా జూపి వ్రాయుము.

3. నీ తరగతిలో జట్టునకు ఎన్నికకాని స్నేహితునికి పది పంక్తులలో ఉత్తరము వ్రాయుము. అందు వట్టి ఓదార్పు కాక, వాని యందు నీవు నిజముగా చూచిన నేర్పు ఒకటి చెప్పుము.