టీ కొట్టు దగ్గర నలుగురం, ఇంట్లో ఒక్కణ్ణి

సమస్య

నాకు 63 ఏళ్లు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. పోయిన దసరాకు ముందు నా భార్య క్యాన్సర్‌తో పోయింది. కొడుకు బెంగళూరులో ఉంటాడు. "తిన్నావా నాన్నా" అని రోజూ ఫోన్ చేస్తాడు. సాయంత్రాలు డిపోలో కలిసి పనిచేసిన నలుగురం టీ కొట్టు దగ్గర కూర్చుంటాం. రాజకీయాలు, పెన్షన్, మోకాళ్ల నొప్పులు అన్నీ వస్తాయి. ఆమె ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. నేను ఎత్తబోతే గొంతు పూడుకుపోతుంది, వాళ్లు మాట మార్చేస్తారు. ఇంటి తాళం తీయాలంటే చేతులు రావు. అసలు ఎందుకు తెల్లవారాలి అనిపిస్తోంది. నా ఏడుపుతో స్నేహితులను విసిగించడం తప్పు కదా?

- ఓ పాఠకుడు, హన్మకొండ

సలహా

తప్పు కాదు. మీ బాధ పట్టక వాళ్లు మాట మారుస్తున్నారని నేననుకోను. కదిపితే మీరెక్కడ కూలిపోతారోనని భయం. పెద్దకర్మ దాకా ఎలా నిలబడాలో మన మగవాళ్లకు బాగా తెలుసు. కట్టెలు తెస్తారు, వంటవాళ్లను మాట్లాడతారు, డబ్బు సర్దుతారు. ఆ తర్వాత ఏం చేయాలో వాళ్లకెవరూ నేర్పలేదు. అందుకే దారి మీరే చూపాలి. నలుగురి ముందూ వద్దు. ఆమె చేతివంట తిన్నవారు, మీతో ఆస్పత్రికి వచ్చినవారు ఒకరుంటారు. ఆయనొక్కరితో, "సలహాలేం చెప్పొద్దు, కాసేపు ఆమె గురించి మాట్లాడుకుందాం" అనండి. ఏం చేయాలో తెలిస్తే స్నేహితుడు వెనకాడడు.

ఓదార్పు దొరికినా, ఎందుకు బతకాలన్న ప్రశ్న మిగులుతుంది. ఆస్ట్రేలియాలో 1990లలో 'మెన్స్ షెడ్స్' మొదలయ్యాయి. రిటైరైన మగవాళ్లు ఒక షెడ్డులో చేరి చెక్కపని, రిపేర్లు చేసుకుంటారు. ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పనివాళ్లు, చేతిలో పని ఉంటే పక్కవాడితో మనసు విప్పుతారన్నది అక్కడి ఆలోచన. మీ నలుగురూ డిపో మనుషులే. ఆదివారాలు దగ్గర్లోని సర్కారు బడి పిల్లల సైకిళ్లు బాగుచేసి పెట్టండి. సోమవారం బడికి వెళ్లడానికి ఓ పిల్ల తన సైకిల్ కోసం ఎదురుచూస్తుంటే, మీకు తెల్లవారడానికో కారణం ఉన్నట్టే.

"ఎందుకు తెల్లవారాలి" అన్న మీ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఆదివారం దాకా ఆగకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. తిన్నావా అని అడిగే కొడుక్కి, తినబుద్ధి కావడం లేదని నిజమే చెప్పండి. ఆ స్నేహితుణ్ణి ఈ సాయంత్రమే ఇంటికి పిలవండి.