అడిగి తాగండి

విశాఖ నుంచి అరకు వెళ్లేవాళ్లలో చాలామంది అనంతగిరి దగ్గర కారు ఆపుతారు. కాఫీ తోటలో నాలుగు ఫొటోలు, కాగితం కప్పులో గబగబా కాఫీ, ఒక పొడి ప్యాకెట్టు. మళ్లీ కారెక్కేస్తారు. ఈసారి మీరలా చేయకండి. అక్కడివాళ్లే నడుపుకునే చిన్న కాఫీ షాపు చూసుకుని అరగంట కూర్చోండి. కొత్త మనిషితో మాట కలపడానికి, తెలియనిది మొహమాటపడకుండా అడగడానికి డబ్బు కట్టి మరీ శిక్షణ తీసుకుంటున్న రోజులివి. ఆ సాధన అక్కడ ఒక్క కాఫీ ఖరీదుతో అయిపోతుంది.

మొదటి మాట తేలిక. “ఈ గింజ ఏ ఊళ్లో పండిందండీ?” అనండి. తోట గురించి తెలిసిన మనిషైతే ఇక మీరు వింటే చాలు. అరబికాకు కొండ చల్లదనం కావాలి, నెత్తిన నీడా కావాలి. అందుకే తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు, వాటి మీదికి మిరియాల తీగ ఎక్కిస్తారు. చలికాలంలో కోత. పళ్లన్నీ ఒకేసారి పండవు కాబట్టి ఎర్రబడినవి ఏరుకుంటూ అదే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే, 2017లో, పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు.

ఇక గోడమీద ‘పర్యావరణ హితం’ అని ఆకుపచ్చ బోర్డు కనిపిస్తే వెంటనే మురిసిపోవద్దు, వెక్కిరించనూ వద్దు. కప్పు చూడండి. మామూలు కాగితం కప్పు లోపల పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుంది. మట్టిలో కలిసిపోతుందని చెప్పే కప్పుల్లో చాలావాటికి కూడా ప్రత్యేకమైన కంపోస్టు ఏర్పాటు కావాలి. ఘాట్ రోడ్డు పక్కన విసిరేస్తే అక్కడే పడుంటాయి. కడిగి మళ్లీ వాడే స్టీలు గ్లాసును మించింది లేదు. వాడేసిన పొడి ఏంచేస్తారో కూడా అడగండి, మొక్కలకు వేస్తున్నామంటే మంచిదే.

అయితే అడిగే తీరు ముఖ్యం. తనిఖీకి వచ్చిన అధికారిలా నిలదీస్తే ఎదుటి మనిషి ముడుచుకుపోతాడు. “గ్లాసులు కడగడానికి నీళ్లు చాలవండీ, అందుకే కాగితం కప్పులు” అన్నాడనుకోండి, అది నిజాయితీ గల జవాబు. ఉపన్యాసం ఇవ్వకండి. మీతో తెచ్చుకున్న స్టీలు గ్లాసు ముందుకు జరపండి. ఎదుటివాడి ఇబ్బంది విన్నాక కూడా మన పట్టింపు మనం వదులుకోకుండా ఉండొచ్చు. మర్యాదంటే నా లెక్కలో ఇదే.

రుచి సంగతి. చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డ నాలుకకు పాలు లేని అరబికా పల్చగా, కాస్త పుల్లగా తగలొచ్చు. “మా ఇంటి కాఫీలా లేదే” అనేయకండి. రెండు గుక్కలు చక్కెర లేకుండా తాగి చూడండి. నచ్చకపోతే చక్కెర వేసుకోండి, ఇదేం పరీక్ష కాదు. ధర దగ్గర మాత్రం బేరమాడకండి.

పొడి కొంటే ఎప్పుడు వేయించారో అడిగి, పావు కిలోతో సరిపెట్టుకోండి. మరపట్టాక వాసన ఎన్నాళ్లో నిలవదు. అన్నట్టు, ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే సంచిలో ఒక స్టీలు గ్లాసు వేసుకోండి.