ఫీజు రాయితీకి ఒక ఖాతా

ఈ వేసవిలో మా బ్యాచ్‌లో చాలామంది వెబ్ డెవలప్‌మెంట్ ఇంటర్న్‌షిప్‌లకి వెళ్లారు. నేను మాత్రం ఆరు వారాలు గుంటూరు జిల్లాలో సిస్టర్స్ నడిపే ఒక క్యాథలిక్ స్కూలు ఆఫీసులో కూర్చున్నాను. రశీదు పుస్తకాల్లో ఉన్న ఫీజు లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. అక్కడ నేర్చుకున్న ఒక్క విషయం ఇక్కడ రాస్తున్నా. కామర్స్ చదివినవాళ్లకి తెలిసిందే కావచ్చు, నాలాంటి సీఎస్‌ఈ వాళ్లకి మాత్రం కొత్తే.

మొదటి వారంలోనే ఎక్సెల్ షీటు చేసేశాను. కట్టాల్సిన ఫీజులోంచి కట్టింది తీసేసి, తేడా ఉన్న పేర్లన్నీ ఎర్రగా కనిపించేలా పెట్టి, గర్వంగానే చూపించాను. హెడ్మిస్ట్రెస్ సిస్టర్ లిస్టు మొత్తం చదివి ఒక పేరు దగ్గర ఆగారు.

"ఈ పాపది బాకీ కాదు బాబూ. వాళ్ల నాన్న చనిపోయాక సగం కడితే చాలని నేనే చెప్పాను" అన్నారు. ఇంకో పేరు చూపించి, "వీళ్లు కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిరపకాయలు అమ్మాక కడతారు" అన్నారు.

"ఇవన్నీ ఎక్కడ రాశారు సిస్టర్?"

"ఎక్కడా రాయలేదు. నాకు తెలుసు కదా!"

జూన్‌లో ఆవిడకి ట్రాన్స్‌ఫర్. అంటే డేటాబేస్ మొత్తం ఒక మనిషి తలలో ఉంది, బ్యాకప్ లేదు. కొత్త సిస్టర్ వచ్చి నా షీటు తెరిస్తే ఆ పాప పేరు ఎర్రగా కనిపిస్తుంది. ఇంటికి ఫోన్ వెళ్తుంది. తప్పు ఎవరిదీ కాదు, కానీ ఫోన్ ఎత్తేది వాళ్ల అమ్మ.

దీనికి మందు చాలా పాతది, జంటపద్దు విధానం. వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్న ఈ పద్ధతిని లూకా పాసియోలి అనే గణిత పండితుడు 1494లో తన పుస్తకంలో వివరించి అచ్చు వేయించాడు. ఆయన ఫ్రాన్సిస్కన్ సన్యాసి. లెక్కల పుస్తకం దేవుడి పేరుతో మొదలుపెట్టమని కూడా అందులో చెప్పాడు, మన షావుకార్లు పైన 'శ్రీ' రాసినట్టే. మన దేశంలోనూ జంషెడ్‌పూర్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐని 1949లో మొదలుపెట్టింది జెస్యూట్ ఫాదర్లే. చర్చికీ బిజినెస్ చదువుకీ సంబంధం ఏంటి అనుకున్న నాకు ఇవి తెలిశాక కొంచెం సిగ్గేసింది.

తెలుగులో జర్నల్‌ని చిట్టా అంటారు, లెడ్జర్‌ని ఆవర్జా అంటారు. "నీ చిట్టా అంతా నా దగ్గరుంది" అని సినిమాల్లో బెదిరిస్తారే, ఆ చిట్టాయే! రూల్ ఒక్కటే. ప్రతి లావాదేవీని రెండు చోట్ల రాయాలి, ఒక డెబిట్, ఒక క్రెడిట్. రెండూ సమానం కావాలి.

ఇప్పుడు ఆ పాప లెక్క చూద్దాం. ఫీజు 18,000 అనుకోండి.

ఏడాది మొదట్లో: విద్యార్థి ఖాతా డెబిట్ 18,000, ఫీజు ఆదాయం క్రెడిట్ 18,000.

అమ్మ సగం కట్టినప్పుడు: నగదు డెబిట్ 9,000, విద్యార్థి ఖాతా క్రెడిట్ 9,000.

సిస్టర్ సగం వదిలేసినందుకు: ఫీజు రాయితీ డెబిట్ 9,000, విద్యార్థి ఖాతా క్రెడిట్ 9,000.

పాప ఖాతాలో మిగిలింది సున్నా. బాకీ లేదు. సిస్టర్ మాట ఇప్పుడు పుస్తకంలో ఉంది.

రెండో లాభం తర్వాత అర్థమైంది. వంద మంది పిల్లలుంటే రావాల్సింది 18 లక్షలు. వచ్చింది 16,20,000 అనుకుందాం. క్యాష్ బుక్ ఒక్కటే చూస్తే 1,80,000 తగ్గిందని తెలుస్తుంది, ఎందుకో తెలియదు. విడదీస్తే రాయితీ 90,000, ఆలస్యంగా వచ్చేది 60,000, వస్తుందో రాదో తెలియనిది 30,000. మూడింటికీ మూడు రకాల పని. రాయితీకి దాతల్ని ముందే అడగొచ్చు. ఆలస్యంగా కట్టేవాళ్ల వాయిదాని జూన్‌లో కాకుండా మిర్చి డబ్బు చేతికొచ్చే నెలల్లో పెట్టొచ్చు. మూడోదాని గురించి మాత్రం ఇంటికెళ్లి మాట్లాడాలి.

విడదీయకపోతే ఏమవుతుందో అక్కడే చూశాను. ఆ నెల టీచర్ల జీతాలు పది రోజులు ఆలస్యమయ్యాయి. అంటే సిస్టర్ చూపించిన దయకి డబ్బు కట్టింది టీచర్లు, వాళ్లనెవరూ అడగకుండానే. ఇది చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెప్పాక సిస్టర్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వచ్చే ఏడాది రాయితీ ఎంత ఇవ్వగలమో ముందే రాసుకోవాలి" అన్నారు.

చివరి వారం మధ్యాహ్నాలన్నీ ఇద్దరం ఆ ఎర్ర లిస్టు ముందేసుకుని కూర్చున్నాం. ఆవిడ ఒక్కో పేరు చెప్పడం, నేను ఎంట్రీ వేయడం. రాయితీ ఎందుకిచ్చారో కూడా ఒక కాలమ్‌లో పెడదామన్నాను. ఒప్పుకోలేదు. "ఎంత అన్నది అందరూ చూడొచ్చు. ఎందుకు అన్నది ఆ ఇంటి విషయం" అన్నారు. కారణాలు విడిగా ఒక నోట్‌బుక్‌లో తన చేత్తోనే రాసి, కొత్త సిస్టర్‌కి ఇవ్వడానికి బీరువాలో పెట్టారు. డేటా ప్రైవసీ మీద నేను విన్న క్లాసుల్లో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

లిస్టులో నాలుగు పేర్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వాటి గురించి సిస్టర్‌కి కూడా తెలియదు. ఊరు వదిలేలోపు ఆ నాలుగిళ్లకీ వెళ్తానన్నారు.

మీ ఊళ్లో చిన్న స్కూలో, కిరాణా కొట్టో ఉంటే ఒకసారి వాళ్ల పద్దులు చూసిపెట్టండి. కోడ్ రాసేముందు ఒకటి అడగండి: పుస్తకంలో లేనిది మీ తలలో ఏముంది?