వాన లెక్క కట్టి దొరువు నీరు వాడుట

బాపట్ల తీరపు ఇసుక నేలలలో పైరులకు దొరువే ఆధారము. ఇసుకలోనికి దిగిన వాననీరు అడుగుననున్న ఉప్పునీటిపై పలుచని పొరగా నిలిచియుండును. దిగిన దానికంటె ఎక్కువ తోడినచో ఉప్పునీరు పైకి వచ్చి, పైరును నేలను కూడ చెరచును. కావున ఏటా ఎంత నీరు దిగగలదో ముందుగా అంచనా కట్టుకొనవలెను. ఇందులకు పాత వాన లెక్కలే సాధనము. మీ మండలపు దినవారీ లెక్కలను తహశీల్దారు కార్యాలయమున అడుగుడు.

1. సగటును నమ్మకుడు. సగటులో తుపాను వానలు కూడ కలిసియుండును. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అట్టి వానను ప్రతి ఏడు ఆశింపరాదు. 30 ఏండ్ల వానలను ఎక్కువ నుండి తక్కువకు వరుసగా వ్రాయుడు. 23వ అంకెకు తగ్గని వాన సుమారు నాలుగేండ్లలో మూడేండ్లు కురిసినదన్నమాట. ఆ అంకెను బట్టి పంట విస్తీర్ణము నిర్ణయించుకొనుడు.

2. వాన ఎట్లు కురిసినదో చూడుడు. అప్పుడప్పుడు పడు చిరుజల్లులు ఎండకు ఆవిరియై పోవును. ఎడారులలో సైతము అరుదుగా కురియు పెద్ద వానలే లోతునకు చేరును. ఉదాహరణకు 10 దినములలో 120 మి.మీ. కురిసినదనుకొందము. ఆవిరి దినమునకు 4 మి.మీ. చొప్పున 40, ఎండిన పైపొర తడియుటకు 30 పోగా, మిగిలిన 50 మి.మీ. క్రిందికి దిగును. ఎకరమునకు 1 మి.మీ. అనగా సుమారు 4,000 లీటర్లు గనుక, ఇది 2 లక్షల లీటర్లు. ఇందులో కొంత సముద్రము వైపు ఊటగా పోవును, అంతయు తోడరాదు.

3. తెనాలి, రేపల్లె ప్రాంతపు నల్లరేగడికి ఈ లెక్క చెల్లదు. తొలివాన పగుళ్లలో వేగముగా దిగును. మట్టి ఉబ్బి పగుళ్లు మూసికొనగానే తరువాతి వాన పైననే నిలుచును. అచ్చటి రైతులు వాన లెక్కను మురుగునీరు తీయుటకు ఉపయోగించుకొనవలెను.

ఇసుకలో తక్కువ లోతున చిల్లుల గొట్టములు అడ్డముగా పరచి, నీటిని నడిమి బావికి చేర్చు పద్ధతిని బాపట్ల ఉప్పునీటి పరిశోధన పథకము వారు మెరుగుపరచిరి. దీనివలన పై తీపినీరే వచ్చును. అయినను గొట్టము నీటిని పుట్టింపదు. దిగిన వానయే నీరు.

వాతావరణము మారుచున్నందున గతము పూర్తి హామీ కాదు. ఏటేటా కొత్త లెక్క చేర్చుడు. వానలకు ముందు జూన్‌లోను, తరువాత డిసెంబరులోను దొరువు మట్టము కొలిచి వ్రాయుడు. అంచనా మేరకు మట్టము పెరగనిచో ఆ ఏడు తోడుట తగ్గించుడు.