స్టేషన్ గోడ బయట బాధ్యత ఎవరిది? చేవెళ్ల ప్రాంత ప్రయాణికుల ప్రశ్నలు, జవాబులు

చేవెళ్లకు, మొయినాబాద్‌కు రైలు లేదు. 1874లో తెరిచిన సికింద్రాబాద్–వాడి లైను ఈ రెండింటికీ ఉత్తరంగా, లింగంపల్లి, నాగులపల్లి, శంకర్‌పల్లి, చిట్టిగడ్డ, వికారాబాద్ మీదుగా తాండూరు వైపు పోతుంది. చేవెళ్ల వాళ్లకు స్టేషన్ అంటే శంకర్‌పల్లే. రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల లోపు దూరం. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర తాండూరు బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయాక, రైలు గురించి ఈ పల్లెల్లో మాట్లాడుకోవడం ఎక్కువైంది. రైలు మీద నమ్మకం ఉన్నా స్టేషన్ దాకా చేరే దారి బాగుండదు, చేరాక కూర్చునే చోటు ఉండదు. ఇది మారాలంటే ఏ పని ఎవరిదో, ఏ చట్టం ఎవరి పక్షాన ఉందో ముందు తెలియాలి.

స్టేషన్ ముందు రోడ్డంతా గుంతలు. రైల్వే వాళ్లు మున్సిపాలిటీని చూపిస్తారు, మున్సిపాలిటీ రైల్వేను చూపిస్తుంది. ఎవరిని పట్టుకోవాలి?

చిన్న స్టేషన్ల కష్టాల్లో సగం ఇక్కడే పుడతాయి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం రైల్వే కేంద్రానిది. స్థానిక రోడ్లు, పురపాలక సంఘాలు, పంచాయతీలు రాష్ట్రానివి. రైల్వే హద్దు లోపలి రోడ్డు, లైటు, కాలువ రైల్వే చూడాలి. హద్దు దాటిన మరుక్షణం ఆ పని మున్సిపాలిటీదో, పంచాయతీదో, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖదో అవుతుంది. శంకర్‌పల్లి 2018లోనే పురపాలక సంఘమైంది. చేవెళ్ల, మొయినాబాద్ 2025లో అయ్యాయి. చిట్టిగడ్డ నవాబ్‌పేట మండలంలో ఉంది కాబట్టి అది వికారాబాద్ జిల్లా కిందికి వస్తుంది.

అందుకే హద్దు ఎక్కడుందో కాగితం మీద తేల్చుకోవడం మొదటి పని. ప్రతి స్టేషన్‌కూ రైల్వే దగ్గర ల్యాండ్ ప్లాన్ ఉంటుంది. దాని నకలును సమాచార హక్కు చట్టం కింద సికింద్రాబాద్ డివిజన్ నుంచి అడగండి. తహసీల్దార్ కార్యాలయంలో గ్రామ నక్షా తీసుకుని, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత రెండు అర్జీలు రాయండి. ఒకటి డివిజనల్ రైల్వే మేనేజర్ (డీఆర్‌ఎం)కు, రెండోది మున్సిపల్ కమిషనర్‌కు. రెండింటిలోనూ ఉమ్మడి తనిఖీ కోరండి, ఒకరికి రాసిన నకలు మరొకరికి జతచేయండి. ఇద్దరూ ఒకే రోజు ఆ గుంత దగ్గరికి వస్తే నెపం వేయడానికి అవతలి వాళ్లుండరు. ఒక్కరికే రాసిన అర్జీ ఎంత బాగా రాసినా మూలనపడుతుంది.

మా స్టేషన్‌లో కచ్చితంగా ఉండాల్సినవి ఏమిటి?

2017 నుంచి రైల్వే స్టేషన్లను మూడు గుంపులు చేసింది: సబర్బన్, నాన్ సబర్బన్, హాల్టు. ప్రయాణికుల సంఖ్య, ఆదాయం చూసి వాటిలో మళ్లీ తరగతులు కడతారు. ఒక్కో తరగతికీ కనీస సౌకర్యాల జాబితా ఉంది. అందులో తాగునీరు, కూర్చునే బల్లలు, ప్లాట్‌ఫారం మీద నీడ, లైట్లు, మూత్రశాల, రైళ్ల వేళల బోర్డు లాంటివి ఉంటాయి. హాల్టుకు ఈ జాబితా చిన్నది. ముందు మీ స్టేషన్ ఏ తరగతో తెలుసుకుని, ఆ జాబితాలో లేనిదేదో గుర్తించి, ఆ వస్తువు పేరుతోనే అడగండి. ‘సౌకర్యాలు లేవు’ అని రాస్తే పరిశీలిస్తామనే జవాబు వస్తుంది. ‘మా తరగతి జాబితా ప్రకారం ఉండాల్సిన మూత్రశాల లేదు’ అని రాస్తే దానికి అధికారి లెక్క చెప్పాల్సి వస్తుంది.

జాబితాతో సంబంధం లేని హక్కు మరొకటి ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 41వ సెక్షన్ రైల్వే స్టేషన్లను పేరు పెట్టి ప్రస్తావించింది. పార్కింగ్, మరుగుదొడ్డి, టికెట్ కౌంటర్ వికలాంగులు వాడుకునేలా ఉండాలంది. మీ ఊళ్లో చక్రాల కుర్చీలో తిరిగే ఒక్క మనిషి ఉన్నా ర్యాంపు అడగడానికి అది చాలు. రైల్వే కేంద్ర శాఖ కాబట్టి ఆ ఫిర్యాదు కేంద్రంలోని వికలాంగుల చీఫ్ కమిషనర్‌కు పోతుంది.

అమృత్ భారత్ పథకంలో మా స్టేషన్‌కు చోటు దొరుకుతుందా?

స్టేషన్లను కొత్తగా తీర్చిదిద్దే ఆ పథకం కింద తెలంగాణలో 40 స్టేషన్లను ఎంపిక చేశారు. మన లైనులో లింగంపల్లి, వికారాబాద్, తాండూరు ఆ జాబితాలో ఉన్నాయి. 2025 మే 22న దేశమంతటా 103 స్టేషన్లను ప్రారంభించినప్పుడు మన రాష్ట్రం నుంచి బేగంపేట, కరీంనగర్, వరంగల్ వాటిలో ఉన్నాయి. చిన్న స్టేషన్ల వాళ్లు ఈ పథకం కోసమే ఎదురుచూస్తూ కూర్చోవడం దండగ. నీడ, నీళ్లు, లైటు డివిజన్ మామూలు ప్రయాణికుల సౌకర్యాల నిధుల్లోంచే రావాలి, ఇప్పుడే అడగొచ్చు.

గేటు తీసేసి కింద నుంచి దారి వేశారు. వానొస్తే నడుములోతు నీళ్లు. పొలానికి పోయేదెట్లా?

గేట్లు ఎందుకు తీస్తున్నారో మరవొద్దు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొంది, పసిపిల్లలు పోయారు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ లైన్లన్నిటి మీదా కాపలా లేని గేట్లు లేకుండా చేశారు. అది మంచి పని. అయితే గేటు పోయిన చోట వాడుకోదగ్గ దారి ఉండాలి. నీళ్లు నిండిన సొరంగం దారి కాదు.

రైల్వే చట్టం, 1989లోని 16వ సెక్షన్ ప్రకారం, లైను వేసినప్పుడు తెగిపోయిన దారులకు, నీటి పారుదలకు రైల్వే తన ఖర్చుతో వంతెనలు, తూములు, దాటే దారులు కట్టాలి. కానీ లైను తెరిచిన పదేళ్ల తర్వాత కొత్తవి అడిగితే సొంత ఖర్చుతో కట్టాల్సిన బాధ్యత దానికి లేదు. మన లైనుకు ఆ గడువు 1884లోనే తీరిపోయింది. 17వ సెక్షన్ కింద పొలం యజమాని, రాష్ట్ర ప్రభుత్వం, స్థానిక సంస్థ అదనపు పనులు కోరవచ్చు, ఖర్చు మాత్రం కోరినవాళ్లదే.

ఇది చదివి నిరాశ పడకండి. నీళ్లు నిలిచే అండర్‌బ్రిడ్జి కొత్త కోరిక కాదు. గేటుకు బదులుగా రైల్వే తానే కట్టిన దారిలోని లోపం అది. అర్జీలో 17వ సెక్షన్ జోలికి పోకండి, మా పాత దారికి బదులుగా మీరిచ్చిన దారి వాడుకోలేకపోతున్నామని రాయండి. మోటారు, పక్కకాలువ, పైకప్పు అడగండి. నీళ్లు నిలిచిన ప్రతిసారీ తేదీ కనిపించేలా ఫొటో తీసి దాచండి. పక్కకాలువలోని నీరు చివరికి పంచాయతీ కాలువలోకే పోవాలి కాబట్టి గ్రామ సభలో తీర్మానం చేయించండి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం రెండు నెలలకోసారైనా గ్రామ సభ జరగాలి.

పై వంతెన కావాలంటే వేరే లెక్క ఉంది. రోజుకు గేటు దాటే రైళ్ల సంఖ్యను వాహనాల సంఖ్యతో గుణించగా వచ్చేది లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం ఖర్చు పంచుకునే జాబితాలోకి గేటు వస్తుంది. ఆ గణన ఎప్పుడు చేశారో అడగండి. శంకర్‌పల్లి చుట్టూ ఇళ్లు పెరిగిన వేగానికి పాత గణన సరిపోదు.

రైల్వే స్థలంలో పూలు, కూరగాయలు అమ్ముకోవచ్చా?

చేవెళ్ల, శంకర్‌పల్లి రైతుల పూలు గుడిమల్కాపూర్ మార్కెట్ దాకా పోతాయి. అవే పూలు సొంత స్టేషన్ ముందు అమ్ముకోవడానికి జాగా దొరక్కపోవడం బాధాకరం. వీధి వ్యాపారుల చట్టం, 2014 రైల్వే భూమికి, రైళ్లకు వర్తించదని మొదటి సెక్షనే చెబుతోంది. లైసెన్సు లేకుండా లోపల అమ్మితే రైల్వే చట్టం కింద కేసు పెట్టొచ్చు. అదే గోడ బయట మున్సిపాలిటీ రోడ్డు మీద ఆ చట్టం మీకు పూర్తిగా అండగా ఉంటుంది. సర్వే చేయాలి, అమ్మకం సర్టిఫికెట్ ఇవ్వాలి. సర్వే పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి. చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలు కొత్తవి కాబట్టి ఈ కమిటీలు వేయమని ఇప్పుడే అడగడం మేలు.

లోపల అమ్మడానికి దారి 2022లో మొదలైన ‘ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి’ పథకం. స్వయం సహాయక సంఘాలు తక్కువ రుసుముతో కొన్నాళ్లపాటు స్టాలు తీసుకోవచ్చు. దరఖాస్తు స్టేషన్ మాస్టర్ ద్వారా పెట్టాలి.

ఇంకో రైలు ఆపమని, ఎంఎంటీఎస్ పొడిగించమని ఎవరిని అడగాలి?

ఎక్స్‌ప్రెస్‌కు కొత్త స్టాపు రైల్వే బోర్డు ఇస్తుంది. అర్జీ మాత్రం డివిజన్, జోన్ మీదుగా వెళ్లాలి. స్టాపు సాధారణంగా ప్రయోగాత్మకంగా ఇచ్చి, టికెట్ల అమ్మకం చూసి కొనసాగిస్తారు. హైదరాబాద్ లోకల్ రైలైన ఎంఎంటీఎస్ 2003 నుంచి లింగంపల్లి దాకా నడుస్తోంది. రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. పొడిగింపు అడిగే అర్జీ రైల్వేకు ఒక్కదానికే ఇస్తే పని జరగదు, రాష్ట్ర ప్రభుత్వానికీ ఇవ్వాలి.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. దానివల్ల పల్లె స్టేషన్‌లో టికెట్ల లెక్క తగ్గితే అవసరం తగ్గిందని అనుకోరాదు, ఈ మాట అర్జీలో రాయండి. 2024 ఫిబ్రవరి చివర్లో ప్యాసింజర్ రైళ్ల కనీస చార్జీ 30 రూపాయల నుంచి తిరిగి 10కి వచ్చింది. అది చాలామందికి ఇప్పటికీ తెలియదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

లోక్‌సభ సభ్యుడి స్థానిక నిధులు ఏడాదికి 5 కోట్లు. వాటితో హాల్టు స్టేషన్లు, పాదచారుల వంతెనల వంటి పనులు గతంలో అనుమతించారు. చేవెళ్ల లోక్‌సభ స్థానం శేరిలింగంపల్లి నుంచి తాండూరు దాకా ఉంది కాబట్టి ఈ లైనులోని స్టేషన్లలో చాలావరకు ఒకే ఎంపీ పరిధిలోకి వస్తాయి. జిల్లాలో కేంద్ర పథకాలను సమీక్షించే ‘దిశ’ కమిటీకి అధ్యక్షుడూ ఎంపీయే, రైల్వే పనులూ దాని పరిశీలనలోకి వస్తాయి. అజెండాలో చేర్చమని కలెక్టర్‌కు రాయండి.

మున్సిపాలిటీకి మరో దారి ఉంది. రైల్వే ఆస్తి మీద ఆస్తిపన్ను వేయలేదు కానీ, ఇచ్చే సేవలకు సర్వీస్ చార్జీ వసూలు చేయొచ్చు. రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసులో 2009లో సుప్రీంకోర్టు ముందు కేంద్రం ఒప్పుకున్న లెక్క ప్రకారం, అన్ని సేవలూ వాడితే ఆస్తిపన్నులో 75 శాతం, కొన్నే వాడితే 50, ఏవీ వాడకపోతే మూడో వంతు. ఆ సొమ్ము అడిగి స్టేషన్ రోడ్డుకే పెట్టమని కౌన్సిలర్లపై ఒత్తిడి తీసుకురండి.

యువకులం కలిసి రంగులు వేసి, మొక్కలు నాటొచ్చా?

నాటొచ్చు. ముందు స్టేషన్ మాస్టర్ ద్వారా డివిజన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అనుమతి లేకుండా పట్టాల పక్క పనిచేయడం నేరమే కాదు, ప్రాణానికీ ప్రమాదం.

పల్లం ప్లాట్‌ఫారం మీద రైలెక్కుతూ జారిపడితే పరిహారం వస్తుందా?

రైల్వే చట్టం 124ఎ సెక్షన్ కింద వస్తుంది. ఎక్కుతూ, దిగుతూ పడినా అది దాని పరిధిలోనిదేనని, ప్రయాణికుడి అజాగ్రత్త అడ్డు కాదని 2018లో రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరణిస్తే పరిహారం 8 లక్షలు. ఏడాదిలోపు సికింద్రాబాద్‌లోని రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో వేయాలి. టికెట్ పారేయకండి.

అర్జీకి జవాబే రాకపోతే?

ముందు రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. అర్జీ ఇచ్చినప్పుడు నకలు మీద ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. నెల దాటితే ఆ నకలు జతచేసి, మా అర్జీ మీద ఏ రోజు ఎవరు ఏం చేశారో చెప్పమని సమాచార హక్కు కింద అడగండి. రుసుము 10 రూపాయలు, దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఉచితం. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మున్సిపాలిటీ విషయమైతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇవ్వండి.

ఒక్క మాట. ఏ స్టేషన్‌లో ఎక్కుతారో అక్కడి నుంచే టికెట్ తీసుకోండి. మీ స్టేషన్ తరగతి, దానికొచ్చే సౌకర్యాలు, ఆగే రైళ్లు ఆ టికెట్ల లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి.