ఏ వేదిక మేలు? పిల్లలతో ఇంట్లో ఒక లెక్క

పెద్ద పోటీకి పెద్ద స్టేడియమే మేలని మనం అనుకుంటాం. ఈ మాట ఎంతవరకు నిజమో మీ పిల్లలతో లెక్క కట్టించండి.

అమెరికాలో హైస్కూలు విద్యార్థుల 'ఫస్ట్' రోబోటిక్స్ ఛాంపియన్‌షిప్ 2011 నుంచి 2017 వరకు సెయింట్ లూయిస్‌లో జరిగింది. అక్కడ కన్వెన్షన్ సెంటర్, స్టేడియం ఆనుకునే ఉంటాయి. 2018, 2019లలో డెట్రాయిట్‌లోనూ జరిగింది. అక్కడ పోటీలు కోబో సెంటర్‌లో, ఫైనల్స్ సుమారు కిలోమీటరున్నర దూరంలోని ఫోర్డ్ ఫీల్డ్ స్టేడియంలో. రెండు స్టేడియాల్లోనూ 60,000కు పైగా సీట్లున్నాయి. మరి తేడా ఎక్కడ?

లెక్క: గంటకు 4 కిలోమీటర్ల వేగంతో కిలోమీటరున్నర నడవడానికి ఎంతసేపు? జవాబు: ఇరవై రెండున్నర నిమిషాలు. రోజంతా పోటీపడి అలసిన పిల్లలకు అది తక్కువేమీ కాదు.

ఇలా చేయండి: దూరం, సీట్లు, భోజనం, మరుగుదొడ్లు, విశ్రాంతి స్థలం. ఒక్కోదానికి 10 మార్కులు. ముఖ్యమనుకున్న ఒక అంశానికి మార్కులు రెట్టింపు చేయాలి. మీరొక కాగితం మీద, మీ అబ్బాయి లేదా అమ్మాయి మరో కాగితం మీద విడిగా వేయండి.

మనం ప్రేక్షకుల సీటు నుంచి చూస్తాం, పిల్లలు పోటీదారుగా చూస్తారు. రెట్టింపు మార్కులు ఎవరు దేనికి వేశారో చూసి, 'ఎందుకు?' అని అడగండి. వచ్చే పోటీకి పంపేముందు వాళ్లకేం కావాలో ఆ జవాబులోనే తెలుస్తుంది.